కొనే చేయి, చేసే చేయి

'కళ' అన్న మాట వినగానే మన ఇళ్లలో పెద్దలు కొంచెం ముఖం చిట్లిస్తారు. నేడు ఆ మాటకు సినిమా, వేదిక, మైకు, అర్ధరాత్రి దాకా సాగే హంగామా అన్న అర్థాలే మిగిలాయి కాబట్టి వారిని తప్పు పట్టలేము. అదే పెద్దలను 'హునర్' గురించి అడిగి చూడండి, ముఖం విప్పారుతుంది. "మా తాత జర్దోజీ పనివాడు", "మా నానీ లక్క గాజులకు రాళ్లు పొదిగేది", "మా మేనమామ కాతిబ్" అని గర్వంగా చెప్పుకుంటారు. ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టుకొని, ఒక పేరును గడప బయట నిలబెట్టి, రెండవ పేరును నట్టింట కూర్చోబెట్టుకున్నాము. ఈ నెల ఈ శీర్షికలో మేము ఆ రెండవ పేరుతోనే మాట్లాడదలచాము. గానము, వాద్యము మొదలైన వాటి ధర్మాధర్మాలపై ఉలమాల చర్చ చాలా పాతది, దానిని ఇక్కడ తెరవడం లేదు. మేము అడుగుతున్నది వేరొక ప్రశ్న. ఒక మహానగరం వర్ధిల్లడానికి హునర్ ఏ విధంగా తోడ్పడుతుంది? ఆ హునర్ బ్రతకడానికి ఎవరు తోడ్పడాలి?

ఉదాహరణ కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదు ఉన్నది.

ముందుగా ఒక పండితుని మాట. 1332లో ట్యూనిస్‌లో జన్మించి 1406లో కైరోలో కన్నుమూసిన ఇబ్ను ఖల్దూన్ పేరు మన మదరసాల పై తరగతుల విద్యార్థులకు పరిచితమే. ఆయన తన 'ముఖద్దిమా'లో చేతి వృత్తులకు, నగరాలకు గల సంబంధాన్ని గురించి ప్రకరణం తరువాత ప్రకరణం వ్రాశాడు. వాటి సారము ఇది: జనసమ్మర్దం తక్కువగా ఉన్నచోట మనుషులు పొట్టకు, బట్టకు కావలసిన పనులు మాత్రమే చేయగలరు. నగరం పెరిగి, అవసరాలు తీరి, చేతిలో నాలుగు రూకలు మిగిలినప్పుడే సున్నితమైన పనులు పుడతాయి. అవి తరతరాలుగా సాగితే వేళ్లూనుకుంటాయి. అన్నిటికన్న ముఖ్యంగా, కోరి కొనేవారు ఉన్నంతవరకే ఆ పని మెరుగు పడుతుంది, కోరేవారు లేకపోతే చేసేవాడు దానిని విడిచిపెట్టి మరొకటి చూసుకుంటాడు. నగరం క్షీణించే కాలానికి వృత్తులు కూడ ఆ నగరాన్ని విడిచి వెళతాయి. సుందర లేఖనాన్ని సైతం ఆయన ఈ వృత్తులలోనే చేర్చాడు. బాగ్దాదు వెలిగినప్పుడు అక్కడ అక్షరం వెలిగినదని, ఆ నగరం దెబ్బతిన్న పిమ్మట ఆ విద్య కైరోకు తరలినదని గుర్తించాడు.

ఈ మాటలు వ్రాసి ఆరు వందల ఏండ్లు దాటాయి. పాతబస్తీ గల్లీలలో నడుస్తూ ఉంటే మాత్రం నిన్న మొన్న వ్రాసినట్లే ఉంటాయి.

1591లో ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా మూసీ దక్షిణ తీరాన కొత్త నగరానికి పునాది వేసినప్పుడు, ఆ నగరపు నమూనా కూర్పులో ప్రధాన హస్తం ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీది. ఇరాను నుండి వలస వచ్చిన విద్వాంసుడు ఆయన. నడుమ చార్మినారు, దాని పై అంతస్తులో మసీదు, నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు, కొలది దూరంలో దారుష్షిఫా పేరున వైద్యశాల. ఇంత పనికి ఎందరు రాళ్లు చెక్కేవారు, ఎందరు గచ్చు పనివారు, ఎందరు నగిషీకారులు కావలసి వచ్చారో ఊహించండి. వారిలో ఇరాను నుండి వచ్చినవారు ఉన్నారు, ఈ నేలమీద పుట్టి ఆలయాలు, కోటలు కట్టిన కుటుంబాల వారూ ఉన్నారు. ఆ రెండు చేతులు ఒకే గోడ మీద కలిశాయి. అందుచేతనే చార్మినారులో ఇరాను కమానూ కనిపిస్తుంది, దక్కను తామర రేకూ కనిపిస్తుంది.

మాట విషయంలోనూ అంతే. సుల్తాను స్వయంగా దక్కనీలో దీవాను కూర్చిన కవి. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము' అంకితమిచ్చాడు. ఆ సుల్తాను కొలువులోని అమీన్ ఖానుకు పొన్నగంటి తెలగనార్యుడు అచ్చ తెనుగున వ్రాసిన 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. సంస్కృత పదం కలవని తెలుగులో వెలువడిన తొలి కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిము! తెలుగు మన ఇంటి భాష కాదన్నట్లు మాట్లాడే మన సోదరులు కొందరు ఉన్నారు. వారికి ఈ సంగతి ఒకసారి చెప్పి చూడండి.

ఆ పిమ్మట 1687లో గోల్కొండ మొగలుల వశమైనది, అధికార కేంద్రం ఔరంగాబాదుకు జరిగినది. కొంతకాలం హైదరాబాదు వెలవెలబోయినది. పద్దెనిమిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో నిజాం అలీ ఖాన్ రాజధానిని తిరిగి ఇక్కడికి తెచ్చిన తరువాత కొనుగోలుదారులు వచ్చారు, వారి వెంట పనివారు వచ్చారు. 1948లో ఆ రాజ్యం పోయినది, మరుసటి ఏడు జాగీర్లు రద్దయినవి. దేవిడీలలోని పోషకులు ఒకరి తరువాత ఒకరు కనుమరుగైనారు. ప్రజలకు అది మేలే కావచ్చు, ఆ తర్కంలోకి మేము పోము. ఏమైనా నవాబు పోయినాడు. మరి నేడు ఈ నగరపు హునర్‌కు పోషకుడు ఎవరు?

మా జవాబు పాఠకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. పెళ్లికూతురి తల్లి ఒకరు, మసీదు కమిటీ అధ్యక్షుడు మరొకరు.

మొదట తల్లి సంగతి చూద్దాము. చార్మినారుకు పడమటి దిక్కున సాగే లాడ్ బజారును మన సోదరీమణులకు మేము పరిచయం చేయనక్కరలేదు. అక్కడి లక్క గాజు ఎలా తయారవుతుందో మాత్రం కొన్నవారిలో చాలామంది చూసి ఉండరు. కొట్టు వెనుక సందులోనో, ఇంకా లోపల ఏదో ఇంటి మేడ మీదనో ఒక చిన్న గది. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరుస్తారు. రంగు కలిపి, ముద్ద చేసి, కడ్డీలా సాగదీస్తారు. కొలత ప్రకారం తుంచి, వలయంగా వంచి, కొసలు కలుపుతారు. గట్టిపడిన గాజును మరల కొద్దిగా వేడి చేసి, ఆ వేడి ఆరే లోపల సన్నని చిమటాతో ఒక్కొక్క రాయిని దాని స్థానంలో అదుముతారు. వేడి ఎక్కువైతే రాయి మునిగిపోతుంది, తక్కువైతే నిలవదు. ఆ హెచ్చు తగ్గులు కొలిచే యంత్రం ఏదీ అక్కడ ఉండదు, వేలి కొసకే తెలియాలి. ఒక పెండ్లి జోడుకు పట్టే రాళ్లు వందలలో ఉంటాయి.

ఆ ఒక్క జోడు వెనుక ఎందరి అన్నం ఉన్నదో లెక్కించండి. లక్క తెచ్చే వర్తకుడు, బొగ్గు అమ్మేవాడు, రంగులవాడు, రాళ్ల టోకు వ్యాపారి, కుంపటి ముందు కూర్చునే కారీగరు, ఇంట్లో ఉండి రాళ్లు పొదిగే స్త్రీలు, డబ్బాలు చేసేవారు, కొట్టులో బేరమాడే కుర్రవాడు, బయట చాయ్ అందించే పిల్లవాని తండ్రి. పల్లెలో ఒక మనిషి గాజుకు రాళ్లు పొదగడం మీదనే జీవించలేడు, ఏడాదికి జరిగే పదిహేను పెండ్లిండ్లు అతనికి చాలవు. మహానగరం మాత్రమే అంత సన్నని పనికి నిండు సంవత్సరం గిరాకీ ఇవ్వగలదు. బదులుగా ఆ పని నగరానికి ఏమిస్తుంది? నల్లగొండ నుండి, గుల్బర్గా నుండి, గల్ఫు నుండి సెలవుకు వచ్చిన కుటుంబాల నుండి జనాన్ని అక్కడికి రప్పిస్తుంది. వచ్చినవారు గాజులతో ఆగరు. బట్ట కొంటారు, అత్తరు కొంటారు, భోజనం చేస్తారు, ఆటో ఎక్కుతారు. శ్రావణమాసపు నోముకు వచ్చిన హిందూ సోదరి, ఈద్ కోసం వచ్చిన మన సోదరి ఒకే గల్లా ముందు భుజం భుజం రాసుకొని నిలబడతారు. "ఈ రంగు నీ చీరకు నప్పుతుందమ్మా" అని ఒకరికొకరు చెప్పుకోవడం మేము చెవులారా విన్నాము. అపరిచితులు ఇంత మంది ఒకచోట బ్రతికే నగరంలో ఈ పాటి మాట కలవడం చిన్న సంగతి కాదు. వేదికల మీది సమైక్యతా ప్రసంగాల కన్న మాకు ఆ గల్లా ముందటి మాట మీదనే నమ్మకం ఎక్కువ.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు పత్రం కొట్టు గోడ మీద వేలాడితే చాలదు, మేడ మీది గదికి చేరాలి. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలలో సోదాలు జరిపి పెద్ద సంఖ్యలో బాలలను విడిపించారు. వారిలో అధికులు బిహారు నుండి తెచ్చిన పిల్లలు. గాలి ఆడని గదులలో, తెల్లవారినది మొదలు రాత్రి దాకా, లక్క పొగ మధ్య వారిచేత పని చేయించారు. ఆ వార్త చదివిన నాడు అందరమూ అయ్యో అన్నాము. మరుసటి శుభకార్యానికి వెళ్లి "ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు" అని బేరమాడాము. వంద రూపాయల గాజును నలభైకి ఇవ్వమన్నప్పుడు ఆ అరవై ఎవరి చేతి నుండి తెగిపడుతుందో ఆలోచించవద్దా? కొట్టువాడు తన లాభం వదులుకోడు. ఇంట కూర్చొని డజన్ల లెక్కన రాళ్లు పొదిగే విధవరాలి కూలి నుండి, లేదా కూలి అడగడం తెలియని పిల్లవాని నుండి అది పోతుంది. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు పిల్లలకు పాఠం చెప్పే సమాజం మనది. పిల్లల పొగచూరిన చేతుల మీద మెరిసే బజారును వర్ధిల్లిన బజారు అని పిలవడానికి మాకు మనసు రాదు.

సోదరీమణులు చేయగలిగినది లేకపోలేదు. పెండ్లి భోజనంలో అయిదు రకాల తీపి వంటలు పెట్టి, అందులో సగం కుప్పతొట్టి పాలు చేయడానికి వెనుకాడని ఇల్లు, జోడు దగ్గర మాత్రం గట్టిగా బేరమాడుతుంది. ఒక తీపి వంట తగ్గించండి. కొట్టువానిని ధైర్యంగా అడగండి, "ఇది ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, మేము చూడవచ్చునా?" అని. పది మంది అడిగితే కొట్టువాడు విసుక్కుంటాడు. వంద మంది అడిగితే కార్ఖానాకు కిటికీ పెట్టిస్తాడు.

ఇక అక్షరం సంగతి. అది మాకు దగ్గరి విషయము కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుంటాము.

మా మదరసా గ్రంథాలయంలో ఇబ్ను హజర్ రచించిన 'తహ్‌జీబుత్తహ్‌జీబ్' పన్నెండు సంపుటాలు ఉన్నాయి, బైహఖీ 'అస్సుననుల్ కుబ్రా' పది సంపుటాలు ఉన్నాయి. అవి అచ్చయినది బైరూతులో. అయితే లోపలి పుట తిప్పితే మాతృక ఎక్కడిదో తెలుస్తుంది, హైదరాబాదు! 1888లో ఇక్కడ నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, ప్రపంచంలో ఎక్కడెక్కడో చెదరి ఉన్న వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, పరిష్కరించి, ముద్రించినది. అరబ్బు దేశాల ప్రచురణకర్తలు ఆ హైదరాబాదు ముద్రణలనే ఫోటో తీసి మరల అచ్చు వేసుకున్నారు. మూసీ ఒడ్డున అక్షరాలు పేర్చిన కంపోజిటర్లు, దీపం వెలుగులో తప్పులు దిద్దిన పండితులు, కాగితం కోసినవారు, జిల్దు కట్టినవారు, వీరందరి పని నేడు కైరో విద్యార్థి ముందు తెరచుకొని ఉన్నది. ఒక నగరానికి ఇంతకన్న పెద్ద పేరు ఏముంటుంది? 1917లో దారుత్తర్జుమా ఏర్పడి, మరుసటి ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసి, ఇంజనీరింగు, వైద్యం వంటి శాస్త్రాలను ఉర్దూలో బోధించడానికి గ్రంథాలు సిద్ధం చేసినప్పుడు కూడ ఈ అక్షర వృత్తులన్నీ నిండుగా పని చేశాయి. అదే నగరంలో సుల్తాన్ బజారున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి 'గోలకొండ పత్రిక' ఆరంభమైనది. ఉర్దూ, అరబ్బీ, తెలుగు ముద్రణాలయాలు ఒకే ఊరిలో సాగాయి.

మేము విద్యార్థిగా హైదరాబాదులో ఉన్న రోజులలో, 1980ల చివర, ఛత్తా బజారులో కాతిబ్‌లు ఇంకా బారులు తీరి కూర్చునేవారు. మోకాలి మీద అట్ట, అట్ట మీద కాగితం, కలం కొస నుండి నస్తాలీఖ్ జాలువారేది. పెండ్లి రుఖా వ్రాయించుకొనేవారు ఒక ప్రక్క, పత్రిక పుట కోసం వచ్చినవారు మరొక ప్రక్క. అప్పటికే పొరుగు దేశంలో నూరీ నస్తాలీఖ్ పేరున యంత్రపు అక్షరం వచ్చి ఉన్నది. మిర్జా అహ్మద్ జమీల్ అనే కాతిబ్ వేల కొలది అక్షర సంయోగాలను తన చేతితో వ్రాసి యంత్రానికి అప్పగించాడు. ఆ తరువాత 1990లలో ఇన్‌పేజ్ వచ్చినది. పదేండ్లలో బారు చెదరిపోయినది. కొందరు కంప్యూటరు నేర్చుకున్నారు, కొందరు కొట్టు పెట్టుకున్నారు. కొందరు గల్ఫుకు వెళ్లి బోర్డులు వ్రాశారు. యంత్రాన్ని మేము నిందించడం లేదు. రోజుకొక పత్రిక వెలువడాలంటే అది కావలసినదే. యంత్రానికి అప్పగించవలసినది ఏది, చేతిలోనే ఉంచుకోవలసినది ఏది అన్న విచక్షణ కావాలి. అది లేక అన్నీ అప్పగించాము.

గత ఏడాది మా వద్ద చదివే ఒక బాలుని తండ్రి వచ్చాడు. ఆటో నడుపుకొనే మనిషి, మాట సూటిగా ఉంటుంది.

"మౌలానా సాబ్, మావాడు సందు దొరికితే కలం పట్టుకొని కూర్చుంటున్నాడు. అలిఫ్ ఒకటే నూరుసార్లు రాస్తాడు. హిఫ్జ్ వెనకబడుతుందేమోనని భయంగా ఉంది. అది పక్కన పెడితే, ఈ రాత అన్నం పెడుతుందా మీరే చెప్పండి."

"హిఫ్జ్ వెనుకబడలేదు భాయీ, మేము చూస్తూనే ఉన్నాము. ఈ ఏడు పదహారు పారాలు దాటాడు."

"అయితే సరే. మరి అన్నం మాట?"

వెంటనే "పెడుతుంది" అని చెప్పివేయడం సులభం. మేము అలా చెప్పలేదు. "ప్రస్తుతానికి ఒక్క ఖత్తాతీ మీదనే సంసారం నడపడం కష్టం. దానికి కంప్యూటరు డిజైనింగు తోడైతే నడుస్తుంది. చేతితో అక్షరం వ్రాయగలిగినవాడు తెర మీద గీసే అక్షరం, ఆ విద్య రానివాడు గీసే అక్షరం ఒకటి కావు. వాడికి రెండూ నేర్పిద్దాము" అన్నాము. ఆయన కొంతసేపు ఆలోచించి, "మరి మా మసీదులో బోర్డు ఎవరు రాశారు? అది కూడా కంప్యూటరేనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆయన అమాయకంగానే అడిగాడు. మేము చాలా రోజులు దానిని మోశాము.

కొత్త మసీదులు ఎన్ని కట్టుకుంటున్నాము! పాలరాయి రాజస్థాను నుండి వస్తుంది, జూమర్లు, ఏసీలు, రంగు దీపాలు వస్తాయి. లక్షలు, కొన్ని చోట్ల కోట్లు ఖర్చవుతాయి. ఆ పిమ్మట మిహ్రాబు మీద ఆయతు వ్రాయించవలసిన చోట ప్లాస్టిక్ స్టిక్కరు అంటిస్తారు. రెండు వేసవులకు దాని అంచులు లేస్తాయి. తెలుగు, ఇంగ్లిషు పనులు చేసే డిజైను దుకాణంలో అరబ్బీ రాని కుర్రవాడు కంప్యూటరులో అతికించిన అక్షరాలు ఒక్కొక్కసారి విడివిడిగా, తలక్రిందులుగా వచ్చిన సంగతి మేము కన్నులారా చూశాము. దివ్య వాక్యం విషయంలో ఈ అశ్రద్ధ ఎంత మాత్రం తగదు. మొత్తం కట్టడపు ఖర్చులో ఒక కాతిబ్‌కు ఇవ్వవలసిన సొమ్ము ఏ పాటిది? ఒక జూమరు ధర కూడ కాదు. పది మసీదు కమిటీలు చేయి కలిపితే ఒక కాతిబ్ కుటుంబం ఏడాది పాటు నిశ్చింతగా ఉంటుంది, అతని వద్ద నలుగురు కుర్రవాళ్లు నేర్చుకుంటారు. ఇబ్ను ఖల్దూన్ చెప్పిన 'గిరాకీ' అంటే ఇదే. సుల్తాను స్థానంలో నేడు కమిటీ కూర్చున్నది. అధికారం వచ్చినది, అభిరుచి ఇంకా రాలేదు. కటువుగా ఉన్నదని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

చేయి పోతే ఏమవుతుందో చూడాలనుకునేవారు ఒకసారి బాద్‌షాహీ ఆశుర్‌ఖానా గోడల వద్దకు వెళ్లండి. చార్మినారు కట్టిన సుల్తాను కాలంలోనే మొదలైన ఆ భవనంలో 1611 నాటి మెరుగు పలకల కూర్పు ఉన్నది. పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు నాలుగు శతాబ్దాల తరువాత కూడ నిగనిగలాడుతున్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు గోడల క్రింది భాగం దెబ్బతిన్నది. బాగు చేసేనాటికి ఆ పలకలు కాల్చే విద్య తెలిసినవారు ఈ ఊరిలో లేరు. క్రింది భాగాన్ని రంగులతో చిత్రించి సరిపెట్టారు. పైన పలక, క్రింద పూత. ఏ విద్య ఎంతవరకు ఉన్నది, ఎక్కడ తెగినది అన్నది ఆ గోడ మీద గీత గీసినట్లు కనిపిస్తుంది.

గచ్చు పని విషయంలో అంత దూరం పోలేదు, అల్హమ్దులిల్లాహ్. డంగు సున్నం గానుగలో ఆడించి, బెల్లపు నీరు, మారేడు గుజ్జు వంటివి కలిపి పూయడం మన పాత మేస్త్రీలకు తెలుసు. సిమెంటు వచ్చిన తరువాత గానుగలు ఆగిపోయాయి. పాత కట్టడాలకు కూడ సిమెంటే పూశారు. అది తేమను లోపల బంధించి రాతిని తినివేస్తుందని ఆలస్యంగా తెలిసినది. 2019 మే నెలలో చార్మినారు ఒక మినారు మీది గచ్చు అలంకారం ముక్క ఊడి క్రింద పడినప్పుడు నగరమంతా ఉలిక్కిపడినది. అది బాగుచేయడానికి మరల సున్నపు మేస్త్రీయే కావలసి వచ్చాడు. గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధుల తోటలో 2013 నుండి ఆగాఖాన్ ట్రస్టు సాగించిన పునరుద్ధరణలో పాత సిమెంటు పొరలను ఒలిచివేసి మరల సున్నపు పూత వేశారు. మూసుకుపోయిన మెట్ల బావులకు ప్రాణం పోశారు. ఆ బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించినది. మేము చూసి వచ్చినది మాత్రం పురస్కార ఫలకాన్ని కాదు, సున్నం కలుపుతున్న పనివాళ్లను. ఆ విద్య తెలిసిన చేతులు కొన్ని వందలైనా ఈ నగరంలో ఉంటే, రేపు ఏ మినారు బీటవారినా నిద్ర పడుతుంది.

హలీము గురించి, బిర్యానీ గురించి వ్రాయలేదేమని అడిగేవారు ఉంటారు. 2010లో హలీముకు భౌగోళిక గుర్తింపు వచ్చినది, 2019లో యునెస్కో హైదరాబాదును పాకశాస్త్ర సృజన నగరంగా పేర్కొన్నది. ఆ రెంటికీ ప్రచారానికి కొదువ లేదు, రంజాను మాసంలో ట్రాఫిక్కే సాక్ష్యం. కొనేవారు లేని హునర్ గురించి వ్రాయడమే మా పని. 1938లో మొదలై, జనవరి వచ్చినదంటే నాంపల్లి వైపు జనాన్ని లాగే నుమాయిష్ కూడ తన కాళ్ల మీద తాను నిలబడినదే. అక్కడికి వెళ్లే కుటుంబాలకు ఒక్క మాట: ప్లాస్టిక్ బొమ్మల కొట్టు దగ్గర అరగంట గడిపినవారు, చేతిపని కొట్టు దగ్గర పది నిమిషాలైనా ఆగండి.

చివరగా పిల్లల మాట. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న ప్రజలకు తెరచుకున్నది. ఒక్క మనిషి, మూడవ సాలార్‌జంగ్, పెండ్లి చేసుకోకుండా, జీవితమంతా కూడబెట్టిన వస్తువులతో ప్రధానంగా నిండినది అది. అందులో ఖుర్ఆను వ్రాతప్రతుల సంపద ఉన్నది. అయితే మన మదరసాలకు ఒక చిక్కు ఉన్నది. మాకు సెలవు శుక్రవారం, మ్యూజియానికీ సెలవు శుక్రవారమే! ఏండ్ల తరబడి మా పిల్లలు హైదరాబాదు వచ్చి, చార్మినారు చూసి, మక్కా మసీదులో జుమా చదివి, మూసివున్న మ్యూజియం ద్వారం ముందు నుండి బస్సెక్కి తిరిగి వెళ్లేవారు. ఇప్పుడు ఏడాదికి ఒక గురువారం పాఠాలు ఆపివేసి తీసుకువెళుతున్నాము. ఇమ్లీబన్ బస్ స్టేషనులో దిగితే నడిచి పోయేంత దూరమే.

మొన్న వెళ్లినప్పుడు గడియారం గంట కొట్టేవేళకు అందరూ ఆ వైపు పరుగెత్తారు. ముగ్గురు మాత్రం ఒక వ్రాతప్రతి పెట్టె ముందు ఆగిపోయారు. వారిలో చిన్నవాడు అడిగాడు, "ఉస్తాద్‌జీ, గీత లేకుండా వరుస ఇంత నేరుగా ఎలా వచ్చింది?" మేము మిస్తర్ సంగతి చెప్పాము. ఒక దళసరి అట్టకు సమాన దూరంలో దారాలు బిగిస్తారు. దాని మీద కాగితం పరచి వేలితో ఒత్తితే దారం ఉన్నచోట గీత అచ్చు పడుతుంది. సిరా అక్కరలేదు, చెరపనక్కరలేదు. పిల్లవాడు గాజు పెట్టెకు ముక్కు ఆనించి చూశాడు. ఏటవాలు వెలుతురులో ఒక పుట మీద ఆ గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. "దారం ఏ రకంది కావాలి?" అని అడిగాడు. పట్టుదారమైతే మంచిదని, నూలుదారమైనా గట్టిగా పేనితే పనికి వస్తుందని చెప్పాము.